బ్రేకు తొక్కని ఉషారాణి

ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఒక రైల్వే ఊళ్ళో, దయాల్‌బంద్ పేట సందుల్లోంచి రోజూ తెల్లవారకముందే ఒక చిన్న తెల్ల పికప్ బండి బయలుదేరుతుంది. కరెంటు బండి. ఇంజిను లేదు కాబట్టి మోత లేదు. టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తుంది. మొదట్లో మొరిగిన కుక్కలు ఇప్పుడు తలైనా ఎత్తవు. వెనక తొట్టిలో స్టీలు క్యాన్లు. వాటిలో రాత్రంతా మెల్లగా ఊపిరి పోసుకుని పొంగిన ఇడ్లీ పిండి, దోసె పిండి. ముందు సీట్లో, చీర కొంగు నడుముకు బిగించి, ఉషారాణి.

స్టేషను చుట్టుపక్కల టిఫిను హోటళ్ళవాళ్ళు ఆమెను డ్రైవరమ్మ అంటారు. తెలుగు రానివాళ్ళు డ్రైవర్ దీదీ అంటారు. పిండి రుబ్బేది ఆమె భర్త నాగేంద్ర. వరసకు మేనబావ. ఇంటి వెనక రేకుల షెడ్డులో గ్రైండర్ల మధ్య అతను, రోడ్డు మీద ఆమె. ఎవరికి ఏ పని అని వాళ్ళెప్పుడూ కూర్చుని పంచుకోలేదు. పిండి ఎంత పులిసిందో అతనికి వాసన చెబుతుంది. రోడ్డు ఎంత వాలుగా ఉందో ఆమెకు పాదం చెబుతుంది.

ఉషారాణి పుట్టింది రైల్వే క్వార్టర్లో. తాత టెక్కలి వైపు పల్లె నుంచి పట్టాలు వేసే గ్యాంగులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి సన్యాసిరావు బొగ్గు రైళ్ళు నడిపిన డ్రైవరు. ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే అన్నం డబ్బా పట్టుకుని ఇంజిన్ల షెడ్డు గేటు దాకా వెళ్ళడం ఆమె చిన్ననాటి పని. గేటు దగ్గర నిలబడి, ఇంజిన్లు ఒకదాని వెనక ఒకటి పొగమంచులోకి కరిగిపోవడం చూసేది. తనూ ఒక రోజు ఆ కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి ఊరిని దాటుకుంటూ పోవాలనుకునేది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంజినెక్కడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఇంజిన్లో అసిస్టెంటు డ్యూటీకి వెళ్ళే అమ్మాయిలు భుజాన బ్యాగుతో రోడ్డు దాటుతుంటే ఉషారాణి బండి ఆపి మరీ దారి ఇస్తుంది. అసూయ కాదు. పండిన చేను పక్కనుంచి పోతూ ఒక నిమిషం ఆగడం లాంటిది.

తండ్రి దగ్గర ఆమె నేర్చుకున్న మాట ఒకటుంది. "బ్రేకు కొట్టీవోడు డ్రైవరు కాదే అమ్మీ. ఎక్కడ ఆగాలో ముందే ఎరిగినోడు డ్రైవరు." ఎంతో ముందే శక్తి తీసేసి, బరువునే నమ్ముకుని, బండిని దాని ఊపులోనే తెచ్చి ప్లాట్‌ఫారానికి ఆనించడం ఆయన తరం డ్రైవర్ల గొప్ప. టీ గ్లాసు తొణక్కూడదు. ఆ గొప్ప ఆస్తిలాగా కూతురికి వచ్చింది.

కరెంటు బండి కొన్నాక ఆ ఆస్తి రెట్టింపైంది. ఈ బండిలో కాలు ఎత్తితే చాలు, మోటారే ఎదురు తిరిగి బండిని పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపూ బ్యాటరీలోకి కరెంటు తిరిగి వస్తుంది. అందుకని ఉషారాణికి బ్రేకు పెడల్‌తో పని తగ్గిపోయింది. కాలు మెల్లగా ఎత్తుతుంది, బండి మెల్లగా ఆగుతుంది, క్యాను మూతకి పిండి అంటదు. నాలుగేళ్ళుగా ఇదే. వాడని వస్తువు అరగదు కదా అని బ్రేకు ఆయిలు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు వానాకాలాలు వచ్చి వెళ్ళాయి.

దసరా వెళ్ళిన వారానికి వ్యాపార్ విహార్‌లో ఒక పెద్ద టిఫిను హోటలు తెరిచారు. పిండి రోజూ కావాలన్నారు, మామూలుకు రెండింతలు. మొదటి రోజు కదా, మధ్యలో ఛార్జి అయిపోతే పరువు పోతుందని ఉషారాణి ఎప్పుడూ చేయని పని చేసింది: బ్యాటరీ అంచుదాకా నింపింది. అంతకుముందు ఎప్పుడూ ముప్పాతిక దాటనిచ్చేది కాదు.

నిండిన కుండలో ఇంకో చుక్క పట్టదు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మోటారు ఎదురు తిరగదు. ఆ ఉదయం కాలు ఎత్తితే బండి ఆగలేదు, అలా పోతూనే ఉంది. బరువు ఎక్కువ. ఆమె బ్రేకు తొక్కింది. మళ్ళీ తొక్కింది. ప్రతి మలుపు దగ్గరా తొక్కుతూనే ఉంది. ముందు చక్రం వైపు నుంచి కాలిన రబ్బరు వాసనలాంటిది వచ్చింది. ఎవరో టైరు తగలబెడుతున్నారనుకుంది.

పాత ఓవర్‌బ్రిడ్జి దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడింది. అప్పటిదాకా అడ్డుపడిన పెడల్ ఉన్నట్టుండి, పాదం పిండిలో దిగినట్టు, కిందికి దిగిపోయింది. కింద జాంపళ్ళ తోపుడుబండి ఉంది. ఉషారాణి రెండోసారి తొక్కింది, మూడోసారి తొక్కింది, హ్యాండ్ బ్రేకు గుంజింది. బండి ఆగింది. ఆగేముందు బంపరు తోపుడుబండిని ఒక్కసారి పొడిచింది. జాంపళ్ళు రోడ్డంతా దొర్లాయి.

"ఆంఖీ నఇ హే కా!" అని ఛత్తీస్‌గఢీలో అరిచింది జాంపళ్ళామె. కళ్ళు లేవా అని. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఉషారాణి దిగి, పళ్ళన్నీ ఏరిపెట్టి, నలిగినవన్నీ తనే కొనుక్కుని, మిగతా దారంతా నడక వేగంతో నడిపి పిండి అందించి ఇంటికి వచ్చింది.

జరిగింది దాచలేదు. గుమ్మంలో నిలబడే చెప్పేసింది. నాగేంద్ర వంగి బంపరు చూశాడు. దాని మీద సొట్ట చిన్నదే. కానీ అతను చాలాసేపు దాని ముందు కూర్చుండిపోయాడు. తర్వాత బండిలోకి ఎక్కి బ్రేకు తొక్కి చూశాడు.

"రాయిలాగుంది కదే," అన్నాడు.

"ఇప్పుడుంది. అప్పుడు లేదు."

"రాత్రి నిద్రపోలేదు నువ్వు. పిండి కాడే తిరిగావు. కునుకు పట్టుంటాది."

"నా కళ్ళు తెరిచే ఉన్నాయి బావా. ఆ జాంపళ్ళావిడ చీర అంచు రంగు కూడా సెప్పగల్ను."

వరండాలో కుర్చీలో ఉన్న సన్యాసిరావు పేపరు దించాడు. డెబ్బై దాటాయి, భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. "ఏటి రంగు?" అన్నాడు, తమాషాకి కాదు.

"పసుపు చీర. ఎర్రంచు."

"అచ్ఛా." ఆయన పేపరు మడతపెట్టాడు. "అయితే మనిషి మెలకువగానే ఉన్నాది."

"మావయ్యా, పెడల్ తొక్కి సూడండి మీరే," అన్నాడు నాగేంద్ర.

"తొక్కక్కర్లేదు అల్లుడూ. నా సర్వీసులో సూసీసాను ఇలాంటివి. పొద్దున్న ఆగని బండి మధ్యాన్నానికి బుద్ధిమంతురాలైపోద్ది. ఎంక్వైరీ వాళ్ళు మధ్యాన్నం వస్తారు. బ్రేకు బాగున్నాది, డ్రైవర్దే తప్పు అనీసి పోతారు."

ఉషారాణి తండ్రి వైపు కృతజ్ఞతగా చూసింది. ఆ చూపు పూర్తికాకముందే ఆయన అన్నాడు: "అలగని నిన్ను ఒగ్గీలేను. ఎర్ర సిగ్నల్ దాటినోడు ముందు బండి దిగాల. అది ఎవుడైనా సరే. బ్రేకు రుజువు సేసీదాకా నువ్వు స్టీరింగు ముట్టకు."

నాగేంద్రకి కావలసింది అదే. "కంపెనీ సర్వీసు వాళ్ళకి ఇందాకే ఫోన్ చేశాను. వచ్చే వారం రమ్మన్నారు, అదీ రాయ్‌పూర్. అందాకా రేపట్నుంచి ఆటో మాట్లాడతాను. ఆ తర్వాత కూడా ఓ డ్రైవర్ని పెట్టుకుందాం ఉషా. చాలు. ఇన్నేళ్ళు తిరిగావు."

"చాలని ఎవరన్నారు?"

అతను బంపరు వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. అది కోపం కాదని ఆమెకు తెలుసు. భయం. కోపమైతే ఆమె గెలవగలదు. భయాన్ని గెలవాలంటే మాటలు పనికిరావు. ఈ సాయంత్రంలోగా ఆ బండి ఆగి చూపించాలి. లేదంటే రేపు తెల్లవారుజామున తన సీట్లో ఇంకెవరో ఉంటారు. ఒకసారి ఇంకొకరు కూర్చున్న సీటు మళ్ళీ ఖాళీ కావడం కష్టం.

ఆమె మెకానిక్ జయప్రకాష్‌కి ఫోన్ చేసింది. పాత పెట్రోలు ఆటో ఉన్న రోజుల్లో అతనే బ్రేకులు చేసేవాడు; అతను చక్రం దగ్గర కూర్చుని పాత ఆయిలు వదిలే చిన్న మరను, నిపిల్‌ను, తిప్పుతుంటే ఆమె పెడల్ తొక్కేది.

"అరే దీదీ, నేను కోటా ఊళ్ళో ఉన్నాను, మా బావమరిది పెళ్ళి," అని హిందీలో అరిచాడు, వెనకాల బ్యాండు మోగుతుంటే. "నా షాపు షట్టర్ తాళం పక్క పాన్ దుకాణంలో ఉంది. పది నంబరు రింగు స్పానరు, ఆయిలు చూసే పెన్ను, కొత్త ఆయిలు బుడ్డి తీసుకో. సీలు తియ్యనిదే తీసుకో. కరెంటు బండైతే ఏమైంది, బ్రేకు ఆ బ్రేకే. మోటారు జోలికి పోకు, అంతే!"

జయప్రకాష్ షాపు నుంచి ఆమె తెచ్చిన ఆయిలు చూసే పెన్ను నిజంగానే పెన్నులా ఉంది. చివర రెండు ముళ్ళు, పక్కన మూడు చిన్న దీపాలు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను తాగుతుంది. తాగిన నీళ్ళు ఎంతో ఆ దీపాలు చెబుతాయి. ఉషారాణి బానెట్ ఎత్తి, ఆయిలు డబ్బా మూత తీసి, పెన్ను ముంచింది. ముగ్గురూ వంగి చూశారు.

"ఎరుపు," అన్నాడు సన్యాసిరావు. ఆయన గొంతులో ఇంకో సందేహానికి చోటు లేదు.

"ఐదు రూపాయల బొమ్మ అది," అన్నాడు నాగేంద్ర. "దేన్లో ముంచినా ఎరుపే చూపిస్తుంది."

ఉషారాణి పెన్ను తుడిచి, కొత్త బుడ్డి సీలు తీసి, కొంచెం ఆయిలు గ్లాసులో పోసి ముంచింది. పచ్చదీపం. నాగేంద్ర పెన్ను లాక్కుని మళ్ళీ బండిలో ముంచాడు. ఎరుపు. గ్లాసులో ముంచాడు. పచ్చ. కాసేపు ఆ పెన్నును అటూ ఇటూ తిప్పి చూసి ఆమె చేతిలో పెట్టేశాడు.

"నీళ్ళు తాగిన ఆయిలు వేడెక్కితే మరిగి బుడగలవుతుంది," అంది ఉషారాణి. "బుడగ నొక్కితే నలుగుతుంది గానీ చక్రాన్ని పట్టుకోదు. చల్లారాక బుడగ పోతుంది, పెడల్ మళ్ళీ రాయి. అందుకే నీకు రాయి దొరికింది, నాకు పిండి దొరికింది."

"మరి అంత వేడెలా వచ్చింది?"

"చూద్దాం."

సన్యాసిరావు ముందుగా చక్రాల కింద చెక్క ఆపులు పెట్టించాడు. ఒకటి కాదు, రెండు వైపులా. అవి పెట్టేదాకా జాకీ ముట్టనివ్వలేదు. ముందు ఎడమ చక్రం విప్పగానే వేడి ఎక్కడిదో తెలిసింది. బ్రేకును అటూ ఇటూ జరగనిచ్చే ఉక్కు పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఒకసారి తొక్కితే పట్టుకున్న బ్రేకు తిరిగి వదలడం లేదు. పొద్దున్నంతా చక్రాన్ని ఒరుసుకుంటూనే ఉంది. వాడితే అరిగేది. వాడకపోవడంతో బిగుసుకుపోయింది. ఉషారాణి ఆ పిన్నును వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నాలుగేళ్ళ గొప్పంతా ఆ ఎర్రటి పొడిలా వేలికి అంటింది. ఆమె గరుకు కాగితం తెచ్చి, పిన్ను మళ్ళీ తెల్లగా మెరిసేదాకా రుద్ది, గ్రీజు పెట్టి, వేలితో తోస్తే జారేలా అమర్చింది.

తర్వాత ఆయిలు. డబ్బాలోని పాత ఆయిలును సిరంజితో తోడేసి కొత్తది నింపింది. ఇక గొట్టాల్లో ఉన్నదాన్ని చక్రం దగ్గరి నిపిల్ లోంచి బయటికి నెట్టాలి. అన్నిటికన్నా దూరపు చక్రం ముందు, వెనక ఎడమది. నిపిల్‌కి సన్నటి తెల్ల గొట్టం తొడిగి, దాని కొస సీసాలో ముంచింది. తండ్రిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

"నాన్నా, నేను తొక్కమంటే తొక్కు. నేను నిపిల్ ఇప్పుతాను. ఆయిలూ గాలీ బయటికి పోతాయి, పెడల్ కిందికి దిగుతుంది. దిగనీ. నేను బిగించి చెప్పేదాకా కాలు తియ్యకు."

"గాలి పోగొట్టడానికా ఇదంతా?" సన్యాసిరావుకి నవ్వొచ్చింది. "నాను బతుకంతా బ్రేకులో గాలి నింపేనే. మా బండిలో గొట్టం తెగితే, గాలి పోతే, బండి దానంతటదే ఆగిపోద్ది. నీ బండిలో బుడగ దూరితే ఆగనే ఆగదు. ఇదేటి బ్రేకే తల్లీ, ఆపదొస్తే ఒగ్గీసి పోయీది!"

"మీ బ్రేకుకి పెన్షనిచ్చేసారు నాన్నా. తొక్కు."

ఆయన తొక్కాడు. ఆమె విప్పింది. గొట్టంలోకి చాయ్ డికాషన్ లాంటి నల్లటి ఆయిలు దూకింది. ఆమె బిగించింది. మళ్ళీ. మళ్ళీ. సీసాలో నలుపు పెరుగుతోంది. కానీ బుడగలు తగ్గడం లేదు. మొదట అక్కడొకటి ఇక్కడొకటి వచ్చినవి, ఇప్పుడు సగ్గుబియ్యంలా వరసగా వస్తున్నాయి.

"ఉషా, ఇది అడుక్కి పోతన్నాదే," అన్నాడు తండ్రి సీట్లోంచి.

నాగేంద్ర వచ్చి చేత్తో పెడల్ నొక్కాడు. అది ఎక్కడా అడ్డు లేకుండా నేలకు తగిలింది. "పొద్దున్న రాయి. ఇప్పుడు నిజంగానే పిండి చేసేశారు మీ ఇద్దరూ," అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆటో అతను ఆరు దాటితే ఇంకెక్కడికో ఒప్పుకుంటాడు. మాట్లాడేస్తున్నాను."

"మాట్లాడు. అడ్వాన్సు మాత్రం ఇవ్వకు," అంది ఉషారాణి.

అతను షెడ్డు వైపు వెళ్ళాడు. గ్రైండర్ల మోత మధ్య అతని హిందీ వినిపిస్తూనే ఉంది. ఆమె స్పానరు నేల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. భయపడలేదు. తప్పు ఎక్కడో ఒక్క చోట ఉంది. ఆ చోటు చూడాలి. ఈసారి సీసా వైపు కాకుండా, తెరిచి ఉన్న తలుపులోంచి తండ్రి పాదం వైపు చూస్తూ నిపిల్ విప్పింది.

పెడల్ దిగింది. దిగిన మరుక్షణం ఆయన పాదం గభాలున పైకి లేచింది. నిపిల్ ఇంకా తెరిచే ఉంది. గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు, నిద్రలో ఎవరో నిట్టూర్చినట్టు.

"నాన్నా, కాలు ఎందుకు తీసేసావు?"

"తియ్యలేదే."

"తీసావు. నేను చూసాను."

సన్యాసిరావు తన పాదం వైపు చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. మళ్ళీ తొక్కించింది. మళ్ళీ లేచింది. ఈసారి ఆయనకే తెలిసింది.

"సూది," అన్నాడు నెమ్మదిగా. "ఇంజిన్లో గాలి మీటరు సూది ఉన్నట్టుండి పడిపోతే, ఎక్కడో గొట్టం తెగినట్టు. ఆ క్షణం ఏదీ ఆలోచించకూడదు. పవరు తీసీయాల. సెయ్యి దానంతటదే లాగీసీది. పడిపోయిందంటే తీసీయడమే. ముప్పై ఎనిమిదేళ్ళు." ఆయన మోకాలి మీద చేయి వేసుకున్నాడు. "ఇప్పుడు కాలి కింద పడిపోతన్నాది గదా, కాలు తీసీస్తన్నాది. నా మాట ఇనదే ఇది."

ఆ పాదానికి నచ్చజెప్పడం కుదరదని ఉషారాణికి అర్థమైంది. ఆ అలవాటు ఎన్ని బండ్లను కాపాడిందో ఎవరికి తెలుసు. దాన్ని పోగొట్టలేరు. దానికన్నా లోతుగా దిగిన ఇంకో అలవాటు కావాలి. ఆమెకు షెడ్డు గేటు గుర్తొచ్చింది. ఇంజిను కిటికీలోంచి వినిపించే రెండు గొంతులు గుర్తొచ్చాయి. అసిస్టెంటు సిగ్నల్ చూసి రంగు చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసి, చేయెత్తి, అదే మాట తిరిగి అనాలి. అన్నాకే చేయి కదలాలి.

"నాన్నా, నన్ను అసిస్టెంటుననుకో. నేను పిలుస్తాను, నువ్వు తిరిగి అను. నా పిలుపు రాకుండా, నువ్వు తిరిగి అనకుండా ఏదీ కదలదు."

ఆయన ఆమె వైపు చూశాడు. వీపు నిటారుగా అయింది. "పిలువు," అన్నాడు.

"తొక్కు."

"తొక్కు." పెడల్ దిగింది.

"పట్టుకో."

"పట్టుకో."

"తెరిచాను."

"తెరిచావు." పెడల్ పడిపోయింది. పాదం ఒణికింది. లేవలేదు.

"మూసాను."

"మూసావు."

"వదులు."

"వదులు." అప్పుడు లేచింది.

ఎండ గోడ దిగిపోతోంది. రెండు గొంతులు ఒకదాని వెంట ఒకటి, పట్టాల అతుకుల మీద చక్రాల్లాగా, ఒకే ఎడంతో పోతున్నాయి. చిన్నప్పుడు గేటు బయట నిలబడి విన్న మాటలకు ఇప్పుడు ఆమె లోపలి వైపు ఉంది. పిలిచేది తను. తిరిగి అనేది ఆయన. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చెప్పుకోలేదు, పని మధ్యలో అలాంటివి చెప్పుకోరు కాబట్టి. గొట్టంలో సగ్గుబియ్యం పలచబడింది. నలుపు తేనె రంగైంది, తేనె రంగు నిమ్మరసం నీళ్ళ రంగైంది. చివరి బుడగ ఒకటి గొట్టం మొదట్లో కాసేపు ఆగి, మనసు మార్చుకున్నట్టు కదిలి, సీసాలోకి వెళ్ళి పగిలింది. ఆ తర్వాత ఇంకోటి రాలేదు.

వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా కొత్త ఆయిలు పోస్తూ వచ్చింది. చివరికి సన్యాసిరావు పిలుపు లేకుండానే ఒకసారి తొక్కాడు. పెడల్ రెండు వేళ్ళంత దిగి ఆగింది.

"నిలబడ్డాది," అన్నాడు.

నాగేంద్ర షెడ్డు గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. "ఆటో అతను రేపు మూడున్నరకి వస్తానన్నాడు," అన్నాడు. తర్వాత, "అడ్వాన్సు ఇవ్వలేదు," అన్నాడు.

"చల్లగా ఉన్నప్పుడు నిలబడితే సరిపోదు," అంది ఉషారాణి. "పొద్దున్న కూడా చల్లగా ఉన్నప్పుడు నిలబడింది. అన్నీ పొద్దున్నలాగే ఉండాలి. బ్యాటరీ నిండాలి. క్యాన్ల నిండా నీళ్ళు పట్టు బావా."

ఛార్జి నిండేసరికి సూర్యుడు పట్టాలకు అటువైపు ఒరిగాడు. ముందు సందులోనే నడక వేగంతో ఆపి చూసింది. తర్వాత నాగేంద్ర తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు దిగు బావా. నేనొక్కదాన్నే చూసుకుంటాను."

"దిగను."

"భయం లేదా?"

"ఉంది. అందుకే ఎక్కాను. నడుపు."

వెనక తొట్టిలో కూర్చుని వచ్చిన తండ్రిని బ్రిడ్జి కింద దింపారు. కొత్త బ్రిడ్జి వచ్చాక పాతదాని మీద సాయంత్రాలు రద్దీ ఉండదు. జాంపళ్ళ బండి లేదు. సన్యాసిరావు సరిగ్గా అది నిలబడిన చోటే, రోడ్డు మధ్యలో, చేతికర్ర ఆనించి నిలబడ్డాడు.

"నాన్నా, పక్కకి తప్పుకో."

"నా ముందర ఆపు."

"నా బ్రేకు మీద నీకు నమ్మకమేనా?"

"నమ్మకమే."

"అయితే ఆ నమ్మకాన్ని పక్కన నిలబడి నమ్ము. నువ్వు రోడ్డు దిగేదాకా నేను స్టార్టు చెయ్యను."

ఆయన గొణుక్కుంటూ రోడ్డు దిగాడు. దిగేముందు కర్రతో దుమ్ములో అడ్డంగా ఒక గీత గీశాడు.

ఉషారాణి ముందు ఊరంతా ఒక చుట్టు తిరిగింది. కావాలనే ప్రతి మలుపులో, ప్రతి గుంట ముందూ బ్రేకు తొక్కింది. తొక్కడానికి మొదట సిగ్గుగా అనిపించింది, సభలో గట్టిగా మాట్లాడినట్టు. తర్వాత అలవాటైంది. ముందు చక్రం వైపు నుంచి కాలిన వాసన రాలేదు. ఆ తర్వాత బ్రిడ్జి ఎక్కింది. పైన ఒక్క క్షణం ఊరు కనిపించింది: యార్డులో సాయంకాలపు వెలుగు పట్టిన పట్టాలు, ఎవరో తలదువ్వుకుని పాయలు విడదీసినట్టు, బొగ్గు పెట్టెల వరస, ఎక్కడో ఒక కూత. తర్వాత వాలు. ఆమె కాలు ఎత్తింది. బండి ఆగలేదు, బరువు దాన్ని కిందికి పిలుస్తోంది. నాగేంద్ర చేయి తలుపు పిడి మీద బిగుసుకుంది.

ఆమె తొక్కింది.

పాదం కింద పెడల్ నిలబడింది. దాని వెనక ఆయిలు, ఆయిలు వెనక ఇనుము, ఇనుము కింద రోడ్డు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నట్టు ఆమెకు తెలిసింది. వెనక క్యాన్లలో నీళ్ళు ఒక్కసారి ముందుకు ఎగిసి మూతలకు కొట్టుకున్నాయి. బండి ఆగింది. గీత ఇంకా ముందు ఎక్కడో ఉంది.

సన్యాసిరావు నడిచి వచ్చాడు. గీతకీ బంపరుకీ మధ్య ఖాళీని చూశాడు. "ఇంకో మారు," అన్నాడు.

ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారి దిగినప్పుడు ఆయన చూడనే లేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఉషారాణి బండి ఆపి దిగి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నీకు సగమే నేర్పించేనే అమ్మీ," అన్నాడు. "బ్రేకు కొట్టీవోడు డ్రైవరు కాదన్నాను. నిజమే. గానీ స్టేషన్ దాటంగానే, ఖాళీ లైను మీద, నాను ముందు బ్రేకు ఏసి సూసీవోణ్ణి. ఎంత పడతన్నాదో సేతికి తెలియాల. తెలిసినాక ఒగ్గీసి, అప్పుడు కొట్టకుండా నడిపీవోణ్ణి. రోజూ సేసీ పని గదా, అది సెప్పాలని తోచనేలేదు."

"నాకూ అడగాలని తోచలేదు," అంది ఆమె. "ఇక రోజూ తొక్కి చూస్తాను. ఏడాదికోసారి ఆయిలు మారుస్తాను. బ్యాటరీ నిండా నింపను. అంతే కదా."

"అంతే. స్టీరింగు నీదే." ఆయన కర్ర ఆసరాతో లేచాడు. "నాను ముందు సీట్లో కూకుంటాను. అల్లుడు వెనక నీళ్ళ కాడ కూకుంటాడు."

నాగేంద్ర అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. "నహీ భయ్యా, కల్ మత్ ఆనా," అంటున్నాడు. "హమారీ గాడీ జాయేగీ." రేపు రావద్దు, మా బండే వెళ్తుందని. అటువైపు అతను ఏదో అడిగినట్టున్నాడు. నాగేంద్ర కాసేపు విని, భార్య వైపు ఒకసారి చూసి, "చలానేవాలీ హై నా," అన్నాడు, నడిపే మనిషి ఉంది కదా అని. ఫోన్ జేబులో పెట్టి తొట్టిలోకి ఎక్కాడు. చొక్కా సగం తడిసిపోయింది.

"రేపు క్యాన్లు ఎన్నింటికి ఎక్కించమంటావు?" అని అక్కడి నుంచే అడిగాడు.

"నాలుగింటికి," అంది ఉషారాణి, సీట్లో కూర్చుని తలుపు వేసుకుంటూ. "ముందు వ్యాపార్ విహార్‌కే. అక్కడ ఇవాళ ఆలస్యమైంది."